థెరపీ షీట్‌లో అంకెలు పెరుగుతున్నాయి సరే, పిల్లాడు హాయిగా ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

నీలిమ_కేపీహెచ్‌బీ

అందరికీ నమస్కారం. మా బాబుకి ఏడేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) రెండూ నడుస్తున్నాయి. నెలనెలా సెంటర్ వాళ్లు ఒక షీట్ ఇస్తారు. ఎంతసేపు కుర్చీలో కూర్చున్నాడు, పేరు పిలిస్తే ఎన్నిసార్లు తిరిగి చూశాడు, ఎన్ని బొమ్మలకు పేర్లు చెప్పాడు, అన్నీ అంకెల్లో ఉంటాయి. అవి పెరుగుతున్నాయి, సంతోషమే.

ఈమధ్య పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి వచ్చి తల్లిదండ్రులందరికీ వేరే ఫారం ఇచ్చింది. పెడ్స్‌క్యూఎల్ అంటారట, పిల్లల క్వాలిటీ ఆఫ్ లైఫ్, అంటే బతుకు ఎంత బాగుందో కొలిచేది. మొత్తం 23 ప్రశ్నలు. పోయిన నెలలో మీ పిల్లాడికి ఫలానా విషయం ఎంత ఇబ్బందిగా ఉంది అని అడుగుతుంది. పరుగెత్తడం, స్నానం, భయం, దిగులు, నిద్ర, తోటి పిల్లలు ఏడిపించడం, ఒంట్లో బాగోక బడి మానేయడం, ఇలాంటివి. నేనూ మావారూ విడివిడిగా నింపాం. తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేర్వేరు పిల్లల గురించి రాసినట్టుంది! మిగతా పిల్లలు వాడితో స్నేహం చేయడానికి ఇష్టపడకపోవడం అన్నచోట ఆయన 'దాదాపు ఎప్పుడూ' అని టిక్ పెట్టారు. నేను 'అస్సలు లేదు' అని పెట్టాను. ఎందుకంటే వాడికి ఆ ధ్యాసే ఉన్నట్టు నాకు కనిపించదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెంచే కుక్కపిల్ల దగ్గర కూర్చుంటే వాడికి లోకంతో పనిలేదు.

మీ పిల్లలు హాయిగా ఉన్నారో లేదో మీరెలా తెలుసుకుంటున్నారు? మాటలు తక్కువగా ఉన్న పిల్లల అమ్మానాన్నలు ముఖ్యంగా చెప్పండి.

ఓటీ_మాధవి (వైజాగ్)

నీలిమ గారూ, ఆ ఫారం నాకు బాగా తెలుసు. అందులో ఒంటికి సంబంధించి 8, మనసుకు 5, తోటివాళ్లతో మెలగడానికి 5, బడికి 5 ప్రశ్నలుంటాయి. చివరికి సున్నా నుంచి వంద మధ్య స్కోరు వస్తుంది. ఎక్కువ వస్తే మంచిది. ఐదేళ్లు నిండిన పిల్లల్ని నేరుగా అడిగే ఫారం కూడా ఉంది. చిన్నవాళ్లకైతే నవ్వు ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు చూపించి వేలు పెట్టమంటారు. మీ బాబు బొమ్మలు గుర్తుపడుతున్నాడు కాబట్టి ఆ అమ్మాయిని అడిగి అది తెప్పించుకోండి.

పరిశోధనల్లో రెండు విషయాలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒకటి, ఆటిజం ఉన్న పిల్లల స్కోరు మిగతా పిల్లల కంటే తక్కువ వస్తుంది, ముఖ్యంగా స్నేహాల దగ్గర. రెండోది, పిల్లలు తమకు తాము వేసుకునే మార్కులూ పెద్దవాళ్లు వాళ్లకు వేసే మార్కులూ తరచూ కలవవు. పెద్దవాళ్లే తక్కువ వేయడం ఎక్కువ. అందుకని మీ ఇంట్లో జరిగింది వింతేం కాదు.

నన్నడిగితే స్నేహాల ప్రశ్న కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి నిద్ర పడుతోందా? మోషన్ రోజూ అవుతోందా? ఎక్కడైనా నొప్పి ఉందా? ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర ఇబ్బంది ఉంటుంది. మలబద్ధకం కూడా చాలా మామూలు, తినేవి నాలుగే రకాలైనప్పుడు ఇంకా ఎక్కువ. 'మొండి' అని, 'కొడతాడు' అని నా దగ్గరికి తీసుకొచ్చిన పిల్లల్లో చాలామందికి ముందు కావాల్సింది పిల్లల డాక్టరు. నా దగ్గరున్న ఊయల, బంతులు ఆ తర్వాతి సంగతి.

శ్రీను_తెనాలి

మాధవి గారు చెప్పింది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, మాటలు రావు. ఉన్నట్టుండి కుడి చెంప మీద అరచేత్తో కొట్టుకోవడం మొదలెట్టాడు. అన్నం పెడితే కంచం తోసేసేవాడు. వెళ్తున్న సెంటర్‌లో అది బిహేవియర్ అన్నారు, పట్టించుకోకండి, అటెన్షన్ కోసం చేస్తున్నాడు అన్నారు. కొట్టుకోకుండా చేతులకు గ్లవ్స్ వేయమన్నారు.

మా ఆవిడకు అనుమానం వచ్చింది. చల్లటి పెరుగన్నం పెడితేనే తోసేస్తున్నాడు, వేడి వేడి ఇడ్లీ అయితే ఎడమ వైపుకి నెట్టుకుని తింటున్నాడు. ఫోన్ టార్చ్ వేసి నోట్లో చూస్తే వెనక దవడ పన్నుకి పెద్ద గొయ్యి, చుట్టూ చిగురు వాచి ఉంది. ఆ పన్ను సంగతి చూపించాక చెంప కొట్టుకోవడం ఆగిపోయింది. అంతే! ఏ థెరపీ లేదు, ఏ చార్టు లేదు. వాడు అన్ని రోజులూ నొప్పి అని వాడికి వచ్చిన పద్ధతిలో చెబుతూనే ఉన్నాడు.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో ఐఎస్‌ఏఏ అని ఆటిజం ఎంత ఉందో కొలిచే 40 ప్రశ్నల స్కేల్ చూసి మార్కులేస్తారు కదా, 70 దాటితే ఆటిజం అని. మా వాడి స్కోరు ఆ పన్నుకి ముందూ తర్వాతా పెద్దగా మారదు. వాడి బతుకు మాత్రం మారిపోయింది.

పాప_నాన్న_కరీంనగర్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకొక మాట చెప్పాలని ఉంది, ఎవరూ ఏమనుకోవద్దు. ఈమధ్య ఎక్కడ చూసినా 'పిల్లల్ని మార్చకండి, ఉన్నట్టు ఒప్పుకోండి, సంతోషంగా ఉంటే చాలు' అనే మాటలే. వినడానికి బాగుంటది. మా పాప ఆరేళ్లు వచ్చేదాకా డైపర్‌లోనే ఉండె. ఎక్కడికన్నా పోవాలంటే బ్యాగు, మార్చే చోటు, జనం చూపులు. టాయిలెట్ ట్రైనింగ్‌కి ఆ టీచరమ్మ ఎంత కష్టపడిందో నాకు తెలుసు. టైమ్‌టేబుల్ పెట్టి, నీళ్లు తాగిన టైం రాసి, పొద్దున మాపు అదే పని. పాప ఏడ్చింది కూడా. ఇప్పుడు తానే పోతది, బడికి పోతది, మేనత్త ఇంటికి పోతది.

ఆ రోజు పాప ఏడ్చింది కదా అని ఆపేస్తే ఇయ్యాల ఏం సంతోషం ఉండేది? అంకెలు పెరగడం ముఖ్యం కాదంటే నేను ఒప్పుకోను.

ఓటీ_మాధవి (వైజాగ్)

సార్, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. టాయిలెట్, నొప్పి చెప్పుకోవడం, వద్దు అనగలగడం, సొంతంగా తినడం, వీటి కోసం ఎంత కష్టపడినా తక్కువే. మీ పాప నేర్చుకున్నదానివల్ల తను వెళ్లగలిగే చోట్లు పెరిగాయి. నాకు పేచీ కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పడం, చేతులు ఊపితే పట్టుకుని ఆపడం లాంటి వాటితో. వాటివల్ల పిల్లకు ఒరిగేదేంటి? చూసేవాళ్లకు ఇబ్బంది తగ్గుతుంది, అంతే.

గడినుడి_పిచ్చోణ్ణి (బెంగళూరు)

ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను ఆటిజం ఉన్న పెద్దవాణ్ణి. మాది అనంతపురం. ఇంజనీరింగ్ మూడో ఏడు దాకా నాకే తెలియదు. నాకు మాటలు మామూలుగానే వచ్చాయి కాబట్టి మాటలు రాని పిల్లల తరఫున మాట్లాడలేను. నా సంగతి చెబుతాను.

బడిలో క్లాసు నాకు కష్టం కాదు. ఇంటర్వెల్ కష్టం. క్లాసులో ఎక్కడ కూర్చోవాలో, ఏం చేయాలో తెలుసు. ఇంటర్వెల్‌లో మూడొందల మంది ఒకేసారి అరుస్తూ పరుగెడతారు, నియమాలేం ఉండవు. నేను నీళ్ల ట్యాంకు వెనక నిలబడి గంట కొట్టేదాకా చూసేవాణ్ణి. నన్ను చూసి జాలిపడి ఒక టీచరు రోజూ నలుగురు పిల్లల్ని పిలిచి 'వీడితో ఆడండి' అని అప్పజెప్పేవారు. ఆవిడ మనసు మంచిదే. ఆ అరగంట అంటే మాత్రం నాకు కడుపులో తిప్పేది.

ఆ వయసులో నన్ను స్నేహితులు లేరా అని అడిగితే లేరనే చెప్పేవాణ్ణి. దిగులుగా ఉందా అంటే లేదనేవాణ్ణి. పక్కింట్లో రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు ఉండేవారు. ఆదివారం పేపర్లో గడినుడి ఇద్దరం కలిసి నింపేవాళ్లం. ఆయనకు అరవై, నాకు పది. ఆ ఫారాల్లో అది ఎవరి లెక్కలోకి వస్తుందో మరి. నీలిమ గారి బాబుకి ఆ కుక్కపిల్ల ఉందన్నారు కదా, నాకైతే మీ ఇద్దరి టిక్కులూ కరెక్టే అనిపిస్తోంది.

ఇంకొకటి. మా నాన్నమ్మ రాత్రి పడుకునే ముందు మర్నాడు ఏమేం జరుగుతుందో వరసగా చెప్పేది. ఎవరొస్తారు, ఏం కూర, ఏ చొక్కా. నా చిన్నతనంలో నాకు దొరికిన పెద్ద సుఖం అదే. ఆవిడకు ఆటిజం అనే మాటే తెలియదు.

నీలిమ_కేపీహెచ్‌బీ

గడినుడి గారూ, రాసినందుకు చాలా థ్యాంక్స్. మావారికి చదివి వినిపించాను. చిన్నప్పుడు తను ఆడినట్టు మా బాబుకీ గల్లీ క్రికెట్ గ్యాంగ్ ఉండాలని ఆయన ఆశ. ఇప్పుడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వాచ్‌మన్ గారి దగ్గరికి కిందికి వెళ్లారు :)

రవి_ఫ్రిస్కో

టెక్సస్ నుంచి. ఇక్కడ సౌకర్యాలు బాగుంటాయని అందరూ అనుకుంటారు, చాలావరకు నిజమే. స్కూల్ డిస్ట్రిక్ట్ ఐఈపీ, అంటే ఆ పిల్లాడి కోసమే వేసే చదువు ప్లాన్, రాసివ్వాలి, అది చట్టం. ఏబీఏ అనే బిహేవియర్ థెరపీకి ఇన్సూరెన్స్ డబ్బులిస్తుంది. మా వాడికి మూడున్నరేళ్లప్పుడు వారానికి 30 గంటలు రాశారు. పొద్దున స్కూలు, మధ్యాహ్నం నుంచి సెంటరు. ఇంటికి వచ్చేసరికి కార్ సీట్‌లోనే నిద్రపోయేవాడు, బూట్లు విప్పినా లేచేవాడు కాదు. శనివారం ఒక్కరోజు మాకు మా కొడుకు కనిపించేవాడు.

ఎక్కువ గంటలైతే మంచిదనే లెక్క ఎక్కడిదా అని చదివాను. 1987లో లోవాస్ అనే ఆయన ప్రచురించిన అధ్యయనం దగ్గరికి వెళ్లి ఆగుతుంది. వారానికి 40 గంటలు, 19 మంది పిల్లలు. పిల్లల్ని గ్రూపులుగా విడదీయడం కూడా లాటరీ పద్ధతిలో జరగలేదు. దాని మీద ఇన్నేళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మేం మా బీసీబీఏతో (ఏబీఏ ప్లాన్ చేసే స్పెషలిస్టు) కూర్చుని గంటలు సగానికి తగ్గించమన్నాం. మిగిలిన టైంలో ఈత. నీళ్లలో వాడు వేరే పిల్లాడు. ఇది అందరికీ సరిపోతుందని అనను, కరీంనగర్ అన్న చెప్పిన టాయిలెట్ సంగతి మాకూ ఆ సెంటర్‌లోనే అయింది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఫారిన్‌లో ఉన్నవాళ్లు వినండి. 'ఇంట్లో తెలుగు ఆపేయండి, ఒక్క ఇంగ్లిషే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు' అని మాకూ చెప్పారు. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో అలా అదనంగా ఆలస్యమేమీ కనపడలేదు. తెలుగు ఆపేస్తే వాడికి పోయేది అమ్మమ్మ. వీడియో కాల్‌లో ఆవిడ 'చందమామ రావే' అంటుంటే వాడు 'జాబిల్లి రావే' అని అందుకుంటాడు. వాడు సొంతంగా అందుకునే మాటలు అవే కొన్ని. ఏ ఫారంలో ఏ గడిలో వేస్తారు దీన్ని?

సుధీర్_9

స్టెమ్ సెల్స్ గురించి ఎవరికైనా తెలుసా? ఒకచోట ఆరు లక్షలు అడుగుతున్నారు. క్వాలిటీ ఆఫ్ లైఫ్ బాగా పెరుగుతుందని వీడియోలు చూపించారు.

ఓటీ_మాధవి (వైజాగ్)

వద్దు సుధీర్ గారూ. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో కూడా కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మామూలు చికిత్సగా దానికి అనుమతి లేదు. పైగా పిల్లాడికి మత్తు, సూది, నొప్పి. ఆ ఆరు లక్షలు బ్యాంకులో ఉండనివ్వండి, వాడికి ముప్పై ఏళ్లొచ్చాక పనికొస్తాయి.

భవిత_టీచరు (శ్రీకాకుళం జిల్లా)

నేను మండలంలో భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పనిచేస్తున్నాను. ఇక్కడ ఓటీ అంటే ఎవరికీ తెలీదు. ఫిజియో వారంలో ఒకరోజు వస్తారు. ఇంటి నుంచి రాలేని పిల్లల దగ్గరికి మేమే వెళ్తాం. సిటీలో ఉన్నవాళ్లు మమ్మల్ని చూసి అయ్యో అనుకుంటారు, కొన్ని విషయాల్లో అది సరైనదే. ఆటోకి డబ్బుల్లేక, తోడు వచ్చే మనిషి లేక కేంద్రానికి రావడం మానేసిన పిల్లలున్నారు. సమగ్ర శిక్షలో ట్రాన్స్‌పోర్ట్, ఎస్కార్ట్ అలవెన్సులు ఉన్నాయి, అవి పడేది ఎప్పుడో.

కానీ ఒకటి చూశాను. మా దగ్గర పదేళ్ల అబ్బాయి ఒకడున్నాడు. మాట్లాడడు, రోజంతా లోపల్లోపల కూనిరాగం తీస్తుంటాడు. వాళ్ల తాత జీడితోటకి వెళ్తే వెంట వెళ్తాడు. రాలిన పళ్లు ఏరి, గింజ మెలితిప్పి తీసి బుట్టలో వేస్తాడు. ఒక్క గింజ వదలడు. ఊళ్లో అందరికీ వాడు తెలుసు. తప్పిపోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంట్లో దింపుతారు. రామాలయం దగ్గర భజన రోజు వాయించే తాళాలు వాడి చేతికే ఇస్తారు. వాడికి స్కేల్ పెట్టి కొలిస్తే తీవ్రమైన ఆటిజమే.

ఇంకోవైపు, అదే ఊళ్లో ఒక అమ్మాయి. పెద్దమనిషి అయ్యాక ఇంట్లోంచి బయటికే పంపడం లేదు. భయం, వాళ్ల భయం నేను కాదనలేను. ఆ పిల్లకు ప్యాడ్ మార్చుకోవడం బొమ్మల కార్డులతో నేర్పిస్తున్నాం. ఆ పిల్ల మళ్లీ బయటికి వచ్చి అరుగు మీద కూర్చోవాలంటే ముందు అది రావాలి.

తల్లిదండ్రులతో చేయించే పద్ధతులు పనికిరావని కొందరంటారు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 65 కుటుంబాలతో పాస్ అని ఒక అధ్యయనం చేశారు, 2016లో వచ్చింది. స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పించారు. బిడ్డ దేన్ని చూస్తుంటే దాని గురించే మాట్లాడటం, వాడి వంతు కోసం ఆగడం, అదే ముఖ్యంగా నేర్పింది. తల్లులు పిల్లలతో మెలిగే తీరు మారింది, పిల్లలు తమంతట తాము తల్లిని పలకరించడం పెరిగింది. మా మండలానికి అలాంటిదే సరిపోతుంది.

చెల్లిని_నేనే (విజయనగరం)

మా అన్నయ్యకి ఇరవై రెండు. ఇక్కడ అందరూ పిల్లాడు ఎలా ఉన్నాడు అని అడుగుతున్నారు, మంచిదే. అమ్మ ఎలా ఉంది అని కూడా ఎవరైనా అడిగితే బాగుండు.

మా అమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి చాలా ఏళ్లైంది. బ్యాండు మేళం మొదలవ్వగానే అన్నయ్య చెవులు మూసుకుని అరుస్తాడు. బంధువులు మొదట్లో సర్దుకున్నారు, తర్వాత శుభలేఖ ఇచ్చి 'మీకు వీలవదులే' అని వాళ్లే అనేసేవారు. అమ్మకి షుగరు, బీపీ, థైరాయిడ్. టెస్టులకు వెళ్లే టైం ఉండదు. అమ్మకు బాగున్న రోజు అన్నయ్యకూ బాగుంటుంది. అది మా ఇంట్లో నాకు తెలిసినంత బాగా ఏ డాక్టరుకీ తెలీదు. నేను వారానికి ఒక సాయంత్రం అన్నయ్యతో ఉంటాను, అమ్మ గుడికో పిన్ని ఇంటికో వెళ్తుంది. అడక్కుండానే ఇలా పంచుకునేవాళ్లు ఇంట్లో ఒక్కరుంటే చాలు.

పనికొచ్చే మాటలు రెండు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా పాలసీ తీసుకోండి. ఏడాదికి లక్ష దాకా, అందులో థెరపీలకూ ఓపీకీ కూడా కొంత ఉంటుంది. రెండోది, పద్దెనిమిది నిండాక అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే చట్టం ప్రకారం గార్డియన్లు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు గారు అధ్యక్షులుగా ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మాకు బ్యాంకు ఖాతా దగ్గర ఇది లేక చాలా టెన్షన్ అయింది.

పాప_నాన్న_కరీంనగర్

చెల్లెమ్మా, ఆ సౌండ్ సంగతి. వినాయక చవితికి మా గల్లీలో డీజే పెడితే మా పాప మంచం కిందికి పోయేది. హార్డ్‌వేర్ షాపులో డ్రిల్లింగ్ పనోళ్లు పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు దొరుకుతయ్, ఆన్‌లైన్‌లో పిల్లల సైజు కూడా ఉన్నయ్. మొదట ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు పెట్టి అలవాటు చేసినం. పోయినేడు నిమజ్జనం మేడ మీద నుంచి చూసింది. మండపం కమిటీ పిల్లలతో మాట్లాడితే మా ఇంటి ముందు సౌండ్ తగ్గించిన్రు కూడా. అడిగితే చేస్తరు, మనమే అడగం.

గడినుడి తమ్మీ, నీ ఇంటర్వెల్ మాట నాకు బాగా పట్టింది. పాప బడిలో అడిగిన. ఇంటర్వెల్‌ల లైబ్రరీ తెరిచి ఉంచమన్న, ఒప్పుకున్నరు.

గడినుడి_పిచ్చోణ్ణి (బెంగళూరు)

అన్నా, పాపనే తీసుకెళ్లి లోపల ఎక్కడ కూర్చుంటుందో తననే చూసుకోనివ్వండి. కిటికీ పక్కన కూర్చోబెట్టకండి, బయట అరుపులు అక్కడే ఎక్కువ.

అనూష_గుంటూరు

శ్రీను అన్నా, మా అబ్బాయి కూడా కొన్ని రోజులుగా ఒకవైపే నములుతున్నాడు. మీరు రాసింది చదివి టార్చ్ వేసి చూద్దామంటే నోరు తెరవడం లేదు. పోయినసారి పళ్ల డాక్టరు దగ్గర నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది, అప్పటి నుంచి తెల్లకోటు చూస్తే పరుగే. మీరెలా చేయించారు?

శ్రీను_తెనాలి

అనూష గారూ, పట్టుకుని మాత్రం చేయించకండి. పిల్లల పళ్ల డాక్టర్లు వేరే ఉంటారు, పీడోడాంటిస్ట్ అని అడగండి. ఫోన్‌లోనే ఆటిజం అని చెప్పి, పేషెంట్లు లేని టైం ఇవ్వమనండి, మాకు మధ్యాహ్నం లంచ్ తర్వాత మొదటిది ఇచ్చారు. మొదటిసారి కుర్చీ ఎక్కి దిగి వచ్చేశాం, అంతే. తర్వాతిసారి అద్దం పుల్ల ఒకటి ఇంటికి ఇచ్చారు, దాంతో మా వాడు నా పళ్లు చూశాడు, నేను వాడివి చూశాను. డాక్టరమ్మ కోటు తీసేసి మామూలు చుడీదార్‌లో ఉంది. పైన లైటు ఆపేసి తలకు పెట్టుకునే చిన్న లైటు వాడింది. నొప్పి పన్నుకి మాత్రం మత్తు ఇచ్చే ఆసుపత్రిలోనే చేయించాల్సి వచ్చింది, ముందురోజు రక్తపరీక్షలు, పొద్దున్నుంచి ఖాళీ కడుపు. ఒకేసారి మిగతా పళ్లన్నీ కూడా చూసేయమని అడగండి, మళ్లీ మళ్లీ మత్తు అక్కర్లేకుండా. వాపు గానీ జ్వరం గానీ ఉంటే మాత్రం ఈ అలవాటు చేయడాలన్నీ పక్కన పెట్టి రేపే తీసుకెళ్లండి.